సూర్యలంకలో క్రిమియా బంగళా కావాలంటున్నారు, ముందు భాగం ఎలా చేయాలి?

అచ్చులషెడ్డు (విజయవాడ)

అందరికీ నమస్కారం. మాది ఆటోనగర్ వెనకాల చిన్న మౌల్డింగ్ షెడ్డు. నాన్నగారి హయాంలో గుడి సింహాలు, స్తంభాల తలలు పోసేవాళ్లం. ఇప్పుడు నేను చూసుకుంటున్నాను, ఎక్కువగా ఇళ్ల ఎలివేషన్ పనులే వస్తున్నాయి. కిటికీ బోర్డర్లు, జాలీలు, కార్నిస్‌లు. లోపలికైతే పీఓపీ, బయటికైతే జీఆర్‌సీ (గాజు నార కలిపిన సిమెంటు).

గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే ఒక పెద్దాయన బాపట్ల దగ్గర సూర్యలంకలో ఇల్లు కట్టుకుంటున్నారు. స్లాబు పడింది, ముందు వరండా ఇంకా మొదలుపెట్టలేదు. ఆ వరండా, ఫ్రంట్ మాకు అప్పజెప్పారు. ఇంజనీరు గారిని అడిగితే "ఆ డిజైన్ సంగతి నువ్వూ ఆయనా తేల్చుకోండమ్మా" అని తప్పుకున్నారు.

పెద్దాయన వాట్సాప్‌లో రెండు ఇళ్ల ఫోటోలు పంపి "ఈ రెండూ కలిపి చెయ్" అన్నారు. కింద "మూరిష్ రివైవల్, క్రిమియా" అని ఉంది. మొదటిది తెల్లటి ఇల్లు, వెండి రంగు గుమ్మటాలు, పైన కోట మీద ఉన్నట్టు పళ్ల పిట్టగోడ. రెండోది బూడిద రంగు రాయి. మధ్యలో రెండంతస్తుల ఎత్తు గూడు, అందులో అరబ్బీ అక్షరాల వరస, ముందు మెట్ల మీద సింహాలు. రెండింటి ముందూ సముద్రమే.

నా అనుమానాలు ఇవి. ఈ మూరిష్ అనేది మన దగ్గర మామూలుగా "మొగలు డిజైన్" అని పోసేదే కాదా? వేరే అయితే ఆర్చి అచ్చు కొత్తగా చేయించాలి, దానికి డబ్బు అవుతుంది. రెండోది, ఆ అక్షరాల బోర్డరు అచ్చం అలాగే కావాలంటున్నారు. అందులో ఏముందో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు. రాని అక్షరాలు పోయడానికి చెయ్యి రావడం లేదు. మూడోది, సముద్రం పక్కన ఇదంతా నిలుస్తుందా? ఆ గాలికి ఇనప గేట్లు ఏమవుతాయో నేను చూశాను.

డ్రాయింగ్ మాస్టారు, బ్రాడీపేట

అమ్మాయీ, వేరేనే. అచ్చు కొత్తది చేయించాల్సిందే.

మొగలు ఆర్చి పైన మొన తేలి ఉంటుంది. షాజహాన్ కాలం నుంచి అంచుకు రేకులు కూడా చెక్కారు. మీ షెడ్డులో ఉన్నది అదే అయ్యుంటుంది. మూర్‌ల ఆర్చి అంటే స్పెయిన్‌లో, మొరాకోలో ఏలిన ముస్లిం రాజుల కట్టడాల్లోది, లాడం ఆకారంలో ఉంటుంది. గీయడం తేలికే. ఒక వృత్తం గీయండి. మధ్య అడ్డగీత దగ్గర ఆపేస్తే మామూలు గుండ్రటి ఆర్చి. అక్కడ ఆపకుండా, వ్యాసార్థంలో మూడో వంతు నుంచి సగం దాకా వంపును కిందికి కొనసాగించండి. అదే లాడం ఆర్చి. రెండడుగుల వ్యాసార్థం తీసుకుని సగం దాకా దించారనుకోండి, నడుమ వెడల్పు నాలుగడుగులు ఉంటే అడుగున మూడడుగుల అయిదున్నర అంగుళాలే మిగులుతుంది. తలుపు ఫ్రేములు ఆర్డరు పెట్టేముందు ఆ అడుగు కొలత చూసుకోమని వడ్రంగికి చెప్పండి.

స్పెయిన్‌లో కార్డోబా మసీదు కట్టడం 785 ప్రాంతంలో మొదలైంది. అక్కడి ఆర్చీల్లో ఒక ముక్క ఎర్ర ఇటుక, ఒక ముక్క తెల్లరాయి, మార్చి మార్చి పేర్చారు. మీకు ఎర్ర ఇటుక దొరకడం కష్టమా? జీఆర్‌సీ అచ్చు కంటే ఆ చారలే మీ పెద్దాయన వరండాకి ఎక్కువ అందం ఇస్తాయని నా లెక్క.

వీలైతే ఒకసారి పినాకిని ఎక్కి మద్రాసు వెళ్లి మెరీనా ఎదురుగా యూనివర్సిటీ సెనేట్ హౌస్ చూసి రండి. చిజమ్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు కట్టాడు, 1879లో పూర్తయింది. అది మూరిష్ కాదు, మన దేశపు కలగలుపు. కానీ ఆర్చీలు, గుమ్మటాలు, రంగు రంగుల పని సముద్రం ఎదుట ఎలా కుదిరాయో కళ్లారా చూడొచ్చు. ఆ పక్కనే చేపాక్ ప్యాలెస్ కూడా ఉంది, 1768 నాటిది, ఆర్కాటు నవాబుది.

అరండల్‌పేట డాక్టరు (గుంటూరు)

ఫోటోలు పెట్టకపోయినా ఫరవాలేదమ్మా, మీరు చెప్పింది చాలు. ఆ రెండిళ్లూ నాకు తెలుసు.

నేను మెడిసిన్ చదివింది నల్ల సముద్రం ఒడ్డున ఉన్న క్రిమియాలో, సింఫెరోపోల్ అనే ఊళ్లో. 2014కి ముందు సంగతి. హాస్టల్లో ఒక అంతస్తంతా తెలుగే వినపడేది, గుంటూరు యాసతో సహా. పరీక్షలైపోతే ట్రాలీబస్సు ఎక్కి యాల్టా పోయేవాళ్లం. 86 కిలోమీటర్ల లైను, ప్రపంచంలో అంత పొడుగు ట్రాలీబస్సు దారి మరొకటి లేదు. కరెంటు తీగ పట్టుకుని కొండ ఎక్కి దిగుతుంది, తొందర అనేది దానికి తెలీదు. యాల్టాలో దిగి తీరం వెంబడి చిన్న వ్యాన్‌లో పడమరగా వెళ్తే ముందు కొరేయిజ్, తర్వాత అలుప్కా వస్తాయి. మీ తెల్ల ఇల్లు మొదటి ఊళ్లోది, రాతి ఇల్లు రెండో ఊళ్లోది.

తెల్లదాని పేరు దుల్బేర్. 1895 నుంచి 1897 మధ్య కట్టారు. జార్ కుటుంబానికి చెందిన ప్యోత్ర్ నికొలాయెవిచ్ అనే గ్రాండ్ డ్యూక్‌ది. ఆయనకు ఆరోగ్యం అంతంత మాత్రం, బొమ్మలు గీయడం ఇష్టం. ఈజిప్టు, సిరియా వైపు తిరిగినప్పుడు గీసుకున్న బొమ్మలు తెచ్చి యాల్టా ఆర్కిటెక్టు నికొలాయ్ క్రస్నోవ్ చేతిలో పెట్టాడు. జార్ కోసం లివాడియా ప్యాలెస్ కట్టింది కూడా తర్వాత ఈ క్రస్నోవే. అందుకని దుల్బేర్‌ని అందరూ మూరిష్ అంటారుగానీ, మాస్టారు చెప్పిన స్పెయిన్ కంటే అందులో కైరో వాసనే ఎక్కువ. ఐరోపా వాళ్లు ఆ రోజుల్లో ఇవన్నీ ఒకే గంపలో వేసేవారు.

ఆ పళ్ల పిట్టగోడకి ఒక కథ ఉంది. సముద్రం ఒడ్డున విడిది ఇంటికి ఇంత ఎత్తు గోడలెందుకని చుట్టాలు నవ్వుకునేవారట. విప్లవం వచ్చాక 1918లో జార్ తల్లి మరియా ఫ్యోదొరోవ్నాతో సహా ఆ చుట్టాలనే తెచ్చి ఆ ఇంట్లో నిర్బంధించారు. యాల్టా సోవియట్ (విప్లవకారుల ఊరి కమిటీ) వాళ్లు వీళ్లని చంపేయాలని చూస్తుంటే, సెవస్తోపోల్ సోవియట్ పంపిన జదరోజ్నీ అనే అధికారి ఆ గోడలనే ఆసరా చేసుకుని కాపాడాడు. జర్మన్ సైన్యం వచ్చేదాకా అలా గడిచింది. 1919 ఏప్రిల్‌లో మార్ల్‌బరో అనే ఇంగ్లీషు యుద్ధనౌక వాళ్లని ఎక్కించుకుపోయింది. ఆ తర్వాత ఇల్లు శానటోరియం అయింది. మేం వెళ్లే రోజుల్లోనూ అంతే. విశ్రాంతికి వచ్చినవాళ్లు తువ్వాళ్లు భుజాన వేసుకుని తోటలో తిరుగుతుండేవారు.

ఇక మీ పనికి పనికొచ్చే మాట. దుల్బేర్ ఫోటోని ఈసారి గుమ్మటాలు వదిలేసి చూడండి. గోడలో చాలా భాగం ఖాళీ. ఉత్త తెల్ల గోడ. పని అంతా కిటికీ చుట్టూ, గుమ్మం మీద, పిట్టగోడ కింద పట్టీలో ఉంటుంది. ఎండకి ఆ చెక్కుడు నీడ తెల్ల గోడ మీద పడుతుంది కాబట్టే అంత దూరానికి కూడా కంటికి ఆనుతుంది. మన గుంటూరు, విజయవాడల్లో ఇప్పుడు కడుతున్న ఎలివేషన్లు చూస్తే నాకు బాధేస్తుంది. జానెడు గోడ ఖాళీగా కనపడితే దాని మీద ఏదో ఒకటి అంటిస్తారు. మీకు ఆర్డరు ఎక్కువ వస్తుంది, కాదనను, కానీ పెద్దాయనకి కావాల్సిన ఇల్లు మాత్రం రాదు.

వీటన్నిటికీ మూలమైన అల్‌హంబ్రా, గ్రనడా కోట, అదీ ఇంతే. బయట నుంచి చూస్తే మొద్దు ఎర్ర గోడలు. లోపల ముంగిళ్లలోకి వెళ్తేనే పని కనపడుతుంది. అక్కడ కింద నడుము ఎత్తు దాకా టైల్స్, దానిపైన జిప్సం పని, పైన చెక్క కప్పు. ఆ జిప్సం పనిలో చాలా భాగం మీలాగే అచ్చులతో తీసిందేనమ్మా. ఆరేడు వందల ఏళ్లుగా నిలిచింది. అయితే అది చూరు కింద ఉంది, ఊరు సముద్రానికి దూరం, వాన తక్కువ.

రాతి ఇల్లు వొరొంత్సోవ్ అనే రష్యన్ ప్రభువుది, వొరొంత్సోవ్ ప్యాలెస్ అంటారు. 1828లో మొదలుపెట్టి 1848 దాకా కట్టారు. డిజైన్ ఎడ్వర్డ్ బ్లోర్ అనే లండన్ ఆర్కిటెక్టుది. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో కూడా పని చేశాడు. ఈ ఇంటి చోటు చూడటానికి ఆయన ఒక్కసారి కూడా రాలేదు! కాగితాలు పంపితే విలియం హంట్ అనే ఆయన దగ్గరుండి కట్టించాడు. రాయి అక్కడిదే, డయాబేస్, గ్రానైట్ కంటే గట్టిది. కొండ వైపు నుంచి చూస్తే ఇంగ్లీషు జమీందారు భవంతి. సముద్రం వైపు తిరిగితే మీ ఫోటోలోని గూడు. ఢిల్లీ జామా మసీదు ముందు నిలబడ్డట్టు అనిపించింది నాకు. ఇల్లు మొత్తానికి ఆ వేషం వేయలేదు, సముద్రం చూసే ఒక్క ముఖానికే వేశారు. మీకూ అదే చెప్తాను, వరండా ఒక్కటి చేయండి, మిగతా మూడు వైపులా సున్నం కొట్టి వదిలేయండి. 1945లో, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జరిగిన యాల్టా సమావేశానికి వచ్చినప్పుడు ఇంగ్లండు ప్రధాని చర్చిల్‌కి విడిది ఆ ఇల్లే. పెద్దాయనకి ఈ సంగతి చెప్పండి, సంతోషిస్తారు.

ఇప్పుడు ఆ అక్షరాలు. "అల్లాహ్ తప్ప మరో విజేత లేడు" అని, ఆరుసార్లు. గ్రనడా రాజుల నినాదం అది, అల్‌హంబ్రా గోడల నిండా ఉంటుంది. మీ చెయ్యి ఆగడం న్యాయమే. చదవడం రాని చోట ఒక చుక్క అటూ ఇటూ అయితే దైవనామం చెడుతుంది. అది చదవగలిగిన పొరుగువాళ్లు, పనివాళ్లు అదే వరండాకి రేపు వస్తారు. డెకరేషన్ కోసం అయితే ఆ జోలికి పోవద్దు. అదే పట్టీలో చుక్కల ముగ్గు పద్ధతిలో నక్షత్రాల అల్లిక వేయండి. ఎనిమిది మొనల నక్షత్రం అల్‌హంబ్రాలో అడుగడుగునా ఉంది. మీ షెడ్డులో ముగ్గు వేయడం వచ్చిన ఆడవాళ్లు ఒక పూటలో గీసిస్తారు.

మేస్త్రి, కృష్ణలంక

డాక్టరుగారు బాగా చెప్పారు. నిలవడం గురించి నేను చెప్తానమ్మా, సముద్రం పక్కన చాలా పనులు చేశాను, ఉప్పు సంగతి నాకు తెలుసు.

బయట పీఓపీ ఒక్క గరిటె కూడా వాడొద్దు. అది జిప్సం, నీళ్లకి కొద్దికొద్దిగా కరుగుతుంది. మన తీరం వానకి అంచులు మొద్దుబారిపోతాయి. జీఆర్‌సీ ఫరవాలేదు, అందులో ఇనుము ఉండదు. కానీ దాన్ని గోడకి బిగించేటప్పుడు మామూలు మేకులు, జీఐ స్క్రూలు పెడతారు చూడండి, అక్కడ మొదలవుతుంది రోగం. 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్క్రూలే అడగండి. ధర చూసి ఓనరు గునుస్తారు. రెండేళ్లలో తుప్పు చారలు తెల్ల గోడ మీద కారతాయని చెప్పండి, ఒప్పుకుంటారు.

వరండా ఆర్చీలు ఆర్‌సీసీ పోయకండి. సన్నగా కనపడాలని రాడ్డు మీద ముప్పావు అంగుళం కాంక్రీటు వేస్తారు, ఉప్పు గాలి లోపలికి పోయి రాడ్డు ఉబ్బి పెచ్చులు రాలుతుంది. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సముద్రతీరపు గాలికి ఎదురుగా ఉండే కాంక్రీటుకి కవరు, అంటే రాడ్డు మీది మందం, 45 మిల్లీమీటర్లు, నీటి తుంపర తగిలే చోట 50. గ్రేడు ఎం30కి తగ్గకూడదు, తుంపర తగిలితే ఎం35. ఆ లెక్కన పోస్తే మీ ఆర్చి దుంగలా తయారవుతుంది. దాని బదులు ఇటుకతో కట్టండి. ఆర్చికి రాడ్డు అవసరమే లేదు, ఇటుక ఒకదాన్నొకటి నొక్కి నిలబడుతుంది. మాస్టారు చెప్పిన లాడంలో బరువు మోసేది పై సగమే. కింద లోపలికి తిరిగే ముక్క అందానికి. దాన్ని స్తంభం తల మీద నుంచి ఇటుక కొద్దికొద్దిగా ముందుకి జరుపుకుంటూ పేర్చాలి, ఆ తర్వాతే చెక్క ఫర్మా ఎక్కించి పైది కట్టాలి. చివరి స్తంభాలు మాత్రం బలంగా ఉండాలి, ఆర్చి పక్కకి తన్నుతుంది. ఎంత మందమో ఇంజనీరు గారు లెక్కేసి ఇవ్వాల్సిందే, ఈ విషయంలో ఆయన్ని తప్పుకోనివ్వకండి.

పూత సున్నంతో చేయిస్తే మంచిది. గోడలో దిగిన చెమ్మ బయటికి పోతుంది. నీళ్లు అక్కడి బోరువి వాడొద్దు, ట్యాంకరు మంచినీళ్లు తెప్పించండి. ఇసుక ఏటిదే, బీచ్‌ది గంపెడు కూడా వద్దు.

గుమ్మటాల గురించి ఎవరూ అనలేదు. ఫైబర్ గుమ్మటం పైన పెట్టి నాలుగు బోల్టులు బిగిస్తానంటారు ఎవరో ఒకరు. 2023 డిసెంబరులో మిచాంగ్ తీరం దాటింది ఆ బాపట్ల దగ్గరే. గుమ్మటం పెడితే స్లాబు స్టీలుకే కట్టేయండి, లేకపోతే మానేయండి.

చీరాల నుంచి

సలహాలన్నీ బాగున్నాయి, కానీ ఆ స్థలం పోటు గీతకి (పోటు నీళ్లు వచ్చే హద్దుకి) ఎంత దూరమో ఎవరూ అడగరేం? 2019 సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్‌లో గ్రామీణ తీరాన్ని రెండు రకాలు చేశారు. 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకి 2161 మంది కంటే ఎక్కువ ఉన్న చోట 50 మీటర్లు, మిగతా చోట్ల 200 మీటర్లు కట్టడాలు నిషేధం. మీ డబ్బు ఇరుక్కునే ముందు పర్మిషన్ కాగితం ఒకసారి చూపించమనండి.

అచ్చులషెడ్డు (విజయవాడ)

అందరికీ చాలా థాంక్స్ అండీ. పర్మిషన్ కాపీ అడిగాను, ఫోన్లో పంపారు. స్థలం రోడ్డుకి ఇవతలి వైపు, ఇబ్బంది లేదని ఇంజనీరు గారూ అన్నారు. ఆర్చి స్తంభాల లెక్క కూడా ఆయనే ఇస్తున్నారు.

అక్షరాల అర్థం చెప్పగానే పెద్దాయన తనంతట తనే "వద్దమ్మా, తీసెయ్" అన్నారు. నక్షత్రాల పట్టీ మా షెడ్డులో పాలిషింగ్ చేసే పెద్దమ్మ గీసిచ్చింది. ఇరవై ఒక్క చుక్కల ముగ్గు నుంచి తీసిందట. మాస్టారు గారూ, మీ కొలతతోనే ప్లైవుడ్ మీద ఆర్చి గీయించాను. చర్చిల్ సంగతి మాత్రం పనిచేసింది. మిగతా మూడు గోడలు ఖాళీగా వదలడానికి ఒప్పుకున్నారు. గుమ్మటం దగ్గర మాత్రం మొండికేశారు, ఒక్కటైనా ఉండాలట.

ఇంకొక్కటి మిగిలింది డాక్టరు గారూ. సింహాలు కావాలంటున్నారు. నాన్నగారి గుడి సింహం అచ్చు ఉంది, అది పనికొస్తుందా?

అరండల్‌పేట డాక్టరు (గుంటూరు)

భేషుగ్గా పనికొస్తుంది. అలుప్కాలో సింహాలు ఇటలీ శిల్పి బొనాన్నీ వర్క్‌షాపు నుంచి వచ్చాయి. మూడు జతలు, కింద మెట్ల దగ్గర పడుకున్నవి, మధ్యలో లేస్తున్నవి, పైన నిలబడ్డవి. మూర్‌లకీ వాటికీ సంబంధమే లేదు. రష్యన్ ప్రభువు ఇంట్లో ఇంగ్లీషు గోడ, గ్రనడా అక్షరాలు, ఇటలీ సింహాలు ఉండగా లేనిది, సూర్యలంకలో మన గుడి సింహం ఉంటే తప్పేంటి? కాకపోతే గుడి సింహం కోరలు చూపిస్తుంది, రాత్రిపూట లైటు దాని కింద నుంచి పెట్టకండి, చిన్నపిల్లలు జడుసుకుంటారు.

మేస్త్రి, కృష్ణలంక

సింహాలు జీఆర్‌సీ అయితే లోపల డొల్ల ఉంటుంది, ఇసుక నింపేయండి, గాలికి కదలవు. ఏటి ఇసుక! ఫర్మా చెక్క కోసేముందు ఆ ప్లైవుడ్ ఆర్చి ఫోటో ఒకటి ఇక్కడ పెట్టమ్మా, కింది ముక్కకి ఇటుక ఎన్ని వరసలు పడుతుందో చూసి చెప్తాను.